టేక్ డైవర్షన్

హాలీవుడ్‌లో 1945లో వచ్చిన ‘డిటూర్’ నిడివి 68 నిమిషాలు. మన లెక్కలో ఇంటర్వెల్ కూడా పడని సినిమా. చెప్పుకోదగ్గ పాత్రలు నాలుగు, ఒక కారు, ఒక అద్దె ఇల్లు, రోడ్డు పక్కన ఓ హోటలు. అయినా చూసినవాళ్ళ అభిప్రాయాలు 80 ఏళ్ళుగా ఒక కొలిక్కి రాలేదు. చవకబారు సినిమా, కథ నిండా కాకతాళీయాలే అని తీసిపారేసేవాళ్ళు ఒక పక్క. ఆ చవకలోనే దాని అందమంతా ఉందని మురిసిపోయేవాళ్ళు ఇంకో పక్క. అమెరికాలో 1992లో దీన్ని జాతీయంగా భద్రపరచవలసిన సినిమాల పట్టికలోకి ఎక్కించారు. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ తన గొప్ప సినిమాల వరుసలో దీనికి చోటిస్తూనే, ఇన్ని తప్పులున్న సినిమాకు ఫిల్మ్ స్కూల్లో పాసు మార్కులు కూడా పడవన్న అర్థంలో రాశాడు. పొగిడినా తెగిడినా చివరికి మాట డబ్బు దగ్గరికే వచ్చి ఆగుతుంది. నాకైతే రెండు పక్షాలదీ ఒకటే పొరపాటనిపిస్తుంది. లోపాలని వీళ్ళూ, అందాలని వాళ్ళూ చూపించేవాటిలో చాలా భాగం నిర్మాత జేబులోంచి వచ్చినవి కావు. కథ చెప్పేవాడి నోట్లోంచి వచ్చినవి.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఆల్ రాబర్ట్స్ న్యూయార్క్‌లో ఒక నైట్‌క్లబ్బులో పియానో వాయిస్తాడు. అక్కడే పాటలు పాడే స్యూని పెళ్ళాడాలని అతని ఆశ. ఆ పిల్ల సినిమాల్లో చేరతానని హాలీవుడ్ వెళ్ళిపోతుంది. చేతిలో డబ్బుల్లేక ఇతను దారినపోయే కార్లను లిఫ్ట్ అడుక్కుంటూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు బయల్దేరతాడు. ఆరిజోనాలో హాస్కెల్ అనే పందాలరాయుడు ఎక్కించుకుంటాడు, అన్నం పెట్టిస్తాడు, చేతి మీద గోళ్ళ గీతలు చూపించి ఒక ఆడమనిషికి లిఫ్ట్ ఇచ్చినందుకు దక్కిన ఫలం ఇదీ అంటాడు. ఆ రాత్రి ఆల్ నడుపుతుండగా వాన మొదలవుతుంది. కారు టాపు వేద్దామని ఆపి హాస్కెల్‌ని లేపితే లేవడు. తలుపు తీయగానే దొర్లి కిందపడతాడు, తల రాయికి కొట్టుకుంటుంది. చంపలేదంటే పోలీసులు నమ్మరని, ఆల్ శవాన్ని పక్కకు లాగి దాచేసి, అతని బట్టలు తొడుక్కుని, పర్సులో ఉన్న 768 డాలర్లు తీసుకుని, అతని పేరుతోనే అతని కారులో సాగిపోతాడు. తర్వాత ఒక పెట్రోలు బంకు దగ్గర నిలబడ్డ అమ్మాయిని చూసి జాలిపడి ఎక్కించుకుంటాడు. ఆమె వేరా. హాస్కెల్ చేతిని రక్కింది ఆమే. గోరుచుట్టు మీద రోకటి పోటు. కారు అసలు యజమాని శవం ఎక్కడ పారేశావని నిలదీసి, తన నోరు పెగలకూడదంటే చెప్పినట్టు వినాలని అతన్ని గుప్పిట్లో పెట్టుకుంటుంది. లాస్ ఏంజెలెస్ అద్దె ఇంట్లో, బాగా తాగి ఉన్న ఒక రాత్రి, పోలీసులకు ఫోన్ చేస్తానంటూ ఫోను పట్టుకుని పడగ్గదిలోకి దూరి గడియ పెట్టుకుంటుంది. ఆల్ బయటి నుంచి ఫోను తీగ పట్టి లాగుతాడు. తలుపు విరగ్గొట్టి చూస్తే ఆ తీగ ఆమె మెడకు చుట్టుకుని ఉంటుంది. రెండు చావులు. రెండింట్లోనూ అతని తప్పు లేదు, అతను చెప్పినదాని ప్రకారం.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఈ సినిమాను ఆరు రోజుల్లో తీశానని దర్శకుడు ఎడ్గర్ ఉల్మర్ తర్వాతి కాలంలో చెప్పుకునేవాడు. ఖర్చు 20 వేల డాలర్లేనన్న మాట కూడా బాగా పాకింది. ఈ రెండు అంకెలూ లేకుండా ‘డిటూర్’ని మెచ్చుకున్న మనిషి అరుదు. తీరా చూస్తే, ఉల్మర్ కూతురు బయటపెట్టిన షూటింగ్ స్క్రిప్టు మీద 1945 జూన్ 14 నుంచి 29 వరకు, కెమెరా రోజులు 14 అని రాసి ఉంది. ఉల్మర్ మీద పరిశోధన చేసిన నోవా ఐసెన్‌బర్గ్ తేల్చిన ఖర్చు లక్ష డాలర్లకు దగ్గర. అప్పటి హాలీవుడ్‌లో అదీ చిన్న మొత్తమే, కాదనను. తీసిన కంపెనీ ప్రొడ్యూసర్స్ రిలీజింగ్ కార్పొరేషన్, ‘దరిద్రపు వీధి’ అని ఊరంతా వెక్కిరించిన చిల్లర స్టూడియోల్లో ఒకటి. కానీ చిన్న మొత్తానికీ చిల్లిగవ్వకీ తేడా ఉంది. మెచ్చుకునేవాళ్ళకు చిల్లిగవ్వే కావాలి, ఆరు రోజులే కావాలి. పేదింటి పిల్లాడికి ర్యాంకు వస్తే పేపర్లో పూరి గుడిసె ఫొటో వేస్తారు చూడండి, ఆ ధోరణి. పిల్లాడు ఏం చదివాడన్నది ఎవరికీ పట్టదు.

తిట్టేవాళ్ళ ఆధారమూ అంత గట్టిది కాదు. ఈ సినిమా హక్కులు పోయి ఎవరు పడితే వాళ్ళు వేసుకునే స్థితికి వచ్చింది. దశాబ్దాల పాటు జనం చూసింది గీతలు పడ్డ, మసకేసిన, మాట సరిగ్గా వినిపించని కాపీల్లో. 2018లో అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు శుభ్రం చేసి తెచ్చిన ప్రతి చూస్తే, వెలుగునీడల విషయంలో కెమెరామన్ ఎంత జాగ్రత్తపడ్డాడో తెలుస్తుంది. మొదట్లో హోటల్లో కూర్చున్న ఆల్ ముఖమంతా చీకట్లోకి జారి, కళ్ళ మీద మాత్రం ఒక పట్టీలాగా వెలుగు మిగులుతుంది. అతని ముందున్న కాఫీ కప్పు, దగ్గరికి వెళ్ళేసరికి, చెయ్యి పట్టనంత పెద్దదైపోతుంది. పాత కాపీల్లో ఇవన్నీ మసిబారి కనిపించేవి. అంటే ‘దరిద్రం’ అనుకున్నదాంట్లో కొంత సినిమాది కాదు, కాపీది. పొదుపు లేదా అంటే ఉంది. న్యూయార్క్ వీధిలో ప్రేమికులిద్దరూ నడిచే సీనులో వీధి లేదు. దట్టమైన మంచు, ఆ మంచులో వీధి బోర్డులు, అంతే. కారులో వాళ్ళ వెనక కదిలే రోడ్డు తెర మీద వేసిన రోడ్డు. ఆల్ లిఫ్ట్ కోసం నిలబడ్డ కొన్ని షాట్లలో ఫిల్మును తిరగేసి వాడారు. అందుకని డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, కారు రోడ్డుకు ఎడమవైపున పోతుంది. తూర్పు నుంచి పడమరకు ప్రయాణం కాబట్టి, మ్యాపులోలాగా కుడి నుంచి ఎడమకు సాగాలని అలా చేశారని కొందరి వివరణ. అమెరికా ప్రేక్షకులు పొట్టచెక్కలయ్యేలా నవ్వే తప్పు ఇది. విజయవాడలో కూర్చుని చూసేవాడికి మాత్రం సినిమా మొత్తంలో కార్లు సరైన దిక్కున పోయేది అక్కడొక్కచోటే. ఆ తిరగేసిన షాటులో లోకం తలకిందులైన మనిషి మనస్థితి ఉందని వ్యాఖ్యానించినవాళ్ళూ లేకపోలేదు. అది అతి. తప్పు తప్పే. దానికి తత్వం అంటగట్టనక్కర్లేదు.

ఇక అసలు ఫిర్యాదు, కాకతాళీయాలు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగితే ఒకసారి నమ్ముతాం. ఇక్కడ వాలిన ప్రతిసారీ పండు రాలుతుంది. అంత పెద్ద దేశంలో లిఫ్ట్ ఇవ్వడానికి ఆగిన మనిషి ఆ రాత్రే చావాలి. జాలిపడి ఎక్కించుకున్న అమ్మాయి ఆ చచ్చినవాణ్ని ఎరిగినదే కావాలి. లాగిన తీగ ఆమె మెడకే చుట్టుకోవాలి. ‘లాజిక్ లేదు’ అన్న మాట మన హాళ్ళ బయట వినపడేదే, ఇక్కడ దానికి చాలా బలం ఉంది. అయితే ఆ మాట ఎవరి మీద వేయాలన్నదే నా ప్రశ్న. ఈ మూడూ మనం నేరుగా చూసినవి కావు. హోటల్లో కూర్చుని, గ్రామఫోన్ పెట్టెలో ఎవరో వేసిన పాట విని ఉలిక్కిపడ్డ ఒక మనిషి తలలోంచి వచ్చినవి. వేరే సాక్షి లేడు. పైగా అతను సాదాగా చెప్పడు. హాస్కెల్ చచ్చిపోయిన చోట ఆగి, మీరు నమ్మరని తెలుసు, మీ చూపులోనే తెలుస్తోంది అన్న ధోరణిలో మనతో గొడవకు దిగుతాడు. అప్పటికి అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ అడిగినవాడు కూడా లేడు, భుజాలు తడుముకోవడం మాత్రం ఉంది.

అతను తడవకోసారి విధి అంటాడు. తెలుగువాడికి ఈ మాట చెవిన పడగానే మనసు కరుగుతుంది. మనకు తలరాత ఉంది, నొసటి గీత ఉంది, గ్రహచారం ఉంది, ఖర్మ ఉంది. ఇన్ని మాటలున్న భాషలో ఈ సినిమా విధివంచితుడి కథగా ఇట్టే చెల్లిపోతుంది. కానీ ఆ మాటలను మనం ఎప్పుడు వాడతామో కాస్త గమనిస్తే చాలు. బాగుపడ్డప్పుడు కష్టపడ్డానంటాం, చెడ్డప్పుడు ఖర్మంటాం. ఆల్‌ది సరిగ్గా ఆ వ్యాకరణమే. వాన కురవడం విధి, తలుపు తీయగానే మనిషి పడటం విధి, సరే. శవం జేబులోంచి పర్సు తీయడం ఏ గ్రహం పని? చొక్కా మార్చుకోవడం? ఆ నిమిషంలో ఆ రోడ్డు మీద పోలీసూ లేడు, వేరా కూడా లేదు. బలవంతపెట్టిన మనిషి లేని చోట అతను నాలుగైదు పనులు వరుసగా, తొట్రుపడకుండా, చకచకా చేశాడు. వాటన్నిటికీ గొంతులో ఏడుపు అద్ది మనకు వినిపిస్తాడు. చూసినవాళ్ళలో అతని మీద జాలిపడేవాళ్ళు గొంతును వింటారు, పడనివాళ్ళు చేతులను చూస్తారు. వీళ్ళ తగాదా బడ్జెట్ దగ్గర మొదలవలేదు, ఇక్కడ మొదలైంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చెప్పేవాణ్ని అనుమానించడం తర్వాతి తరాల విమర్శకులు నేర్చిన తెలివి, 1945లో రెండు వారాల్లో ఒక చిన్న సినిమా చుట్టి పారేసినవాళ్ళకు అంత ఆలోచన ఎక్కడిదంటారు. దీనికి జవాబు సినిమాలో కాక పుస్తకంలో దొరుకుతుంది. ‘డిటూర్’కి మూలం మార్టిన్ గోల్డ్‌స్మిత్ 1939లో అచ్చువేసిన నవల. సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిందీ అతనే. నవలలో కథానాయకుడు కొన్ని అధ్యాయాలు చెబుతాడు, స్యూ కొన్ని చెబుతుంది. అతను ఆమెను ఎలా ఊహించుకున్నాడో ఒకచోట చదివి, ఆమె నిజంగా ఎలా బతుకుతోందో ఇంకోచోట చదివి, పాఠకుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అంటే ఇతని మాటకు ఇంకో పక్క ఉందన్న సంగతి రాసినవాడికి మొదటినుంచీ తెలుసు. సినిమాకు వచ్చేసరికి స్యూ అధ్యాయాలన్నీ పోయాయి. పోవడం కాదు, నోరు మూయించినట్టయింది. న్యూయార్క్ నుంచి ఆల్ ఆమెకు ఫోన్ చేసే సీనే చూడండి. దేశం పొడుగునా తీగలు, మీట మార్చే ఆపరేటర్లు, అటు చివర రిసీవరు పట్టుకున్న స్యూ. ఆమె ముఖం కనిపిస్తుంది, మాట వినిపించదు. అటువైపు మాట మనకు అందకుండా ఇతని సంబరం ఒక్కటే వినాలి. ఖర్చు తగ్గించుకోవడానికే అలా తీశారనుకున్నా నాకు ఇబ్బంది లేదు. కారణం ఏదైనా, తెర మీద మిగిలింది ఒక్క గొంతు. రెండో గొంతును తీసేసిన కథలో మొదటి గొంతును పూర్తిగా నమ్మమంటే ఎలా?

ఇంకో అభ్యంతరం దీనికన్నా తెలివైనది. అబద్ధమాడేవాడైతే ఇంత అతకని అబద్ధం ఆడతాడా, ఇంతకంటే నమ్మదగిన కథ అల్లుకోడా అని. నిజమే, అతను అబద్ధాలకోరని నేను అనను. కోర్టులో చెప్పడానికి అల్లిన కథ కాదిది. రాత్రి నిద్రపట్టక తనకు తాను వందసార్లు చెప్పుకున్న కథ. అలా చెప్పుకున్నప్పుడు మనిషి జరిగినవాటిని మార్చడు, బరువులు మారుస్తాడు. తను లాగిన తీగ కన్నా చుట్టుకున్న తీగ బరువెక్కుతుంది. తీసుకున్న 768 డాలర్ల కన్నా పడ్డ భయం బరువెక్కుతుంది. కాకతాళీయాలన్నీ ఆ తూకంలోంచే పుట్టుకొచ్చాయని నా లెక్క. ఇలా చూస్తే కథలో లాజిక్ లేకపోవడం అనేది లోపంగా మిగలదు. ఆ మనిషి గురించి మనకు దొరికే సమాచారమవుతుంది.

వేరా పాత్ర వేసిన ఆన్ శావేజ్ మీద కూడా మాట పడింది, కేకలు తప్ప నటన లేదని. కేకలున్నాయి, ఒప్పుకుంటాను. సగం సినిమా దగ్గర పడ్డాక గానీ ఆమె రాదు, వచ్చాక మాత్రం ఇంకెవరినీ చూడనివ్వదు. మొదటి సీను నెమ్మదిగా చూడాలి. కారెక్కి కూర్చుని, ముక్తసరిగా తప్ప మాట్లాడకుండా, దుమ్ముకొట్టుకున్న జుట్టుతో, ఒక పక్కకు వాలి కళ్ళు మూసుకుంటుంది. ఆల్ ఆమెను ఓరగా చూస్తూ, అలసిపోయిన పిల్ల, ఇలాంటి ముఖంలోనూ ఒక అందముందని లోపల్లోపల కవిత్వం మొదలుపెడతాడు. అంతలో ఆమె కళ్ళు టక్కున తెరుచుకుంటాయి, మెడ గిర్రున తిరుగుతుంది, శవం ఎక్కడని అడుగుతుంది. అతని కవిత్వం నోట్లోనే ఉండిపోతుంది. సినిమాలో ఆల్ చెప్పే మాటను ఎదురుగా నిలబడి కొట్టేసే మనిషి ఆమె ఒక్కతే. అందుకే అతని కథలో ఆమె రాక్షసి కాక తప్పదు. అయినా అద్దె ఇంట్లో ఒక రాత్రి, ఇద్దరూ తాగి, కిటికీలోంచి ఎవరిదో వాయిద్యం వినిపిస్తుండగా, ఆమె దగ్గుతుంది. పొడి దగ్గు కాదు, రోగిష్టి దగ్గు. అతని భుజం మీద చెయ్యి వేస్తుంది. అతను ఆ చెయ్యి అలాగే ఉండగా పక్కకు తప్పుకుంటాడు. ఆమె గొంతు అప్పటికప్పుడు కరుకెక్కుతుంది. చెప్పేవాడికి ఆమె మీద దయ లేదు, ఆ చెయ్యి గురించి ఒక్క మాటా వ్యాఖ్యానించడు. కెమెరా మాత్రం చూసింది. ఇంకో రోడ్డు మీద, ఇంకో మనిషి కారెక్కి ఉంటే వేరా ఏమయ్యేదోనన్న ఆలోచన ఆ నాలుగు క్షణాల్లోనే వస్తుంది. ఆ చెయ్యిని చూసినవాళ్ళు కేకల గురించి మాట్లాడటం మానేస్తారనే నా అమాయకపు ఆశ.

ఆల్‌గా వేసిన టామ్ నీల్ జీవితాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్ళూ ఉన్నారు. 1951లో ఇంకో నటుణ్ని చావబాదాడు, 1965లో తుపాకి పేలి భార్య చనిపోయిన కేసులో అనుకోకుండా జరిగిన హత్య కింద శిక్షపడి జైల్లో ఆరేళ్ళు గడిపాడు. సినిమా ముందే జోస్యం చెప్పిందంటారు. చెప్పలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత జరిగినదాన్ని తెచ్చి పాత్ర మీద రుద్దితే, అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయనే ఆల్ వాదననే మనం అతనికి బదులుగా వాదించిపెట్టినట్టవుతుంది.

మనవాళ్ళకు ఈ సినిమా మింగుడుపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రోడ్డు కథల నుంచి మనం ఆశించేది వేరు. 2008లో క్రిష్ తన మొదటి సినిమా ‘గమ్యం’ తీశాడు. డబ్బున్న కుర్రాడు, గాలి శీను అనే బైకుల దొంగ, ఒకే బండి మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతారు. అపరిచితులు ఆప్తులవుతారు, డబ్బున్నవాడు మనిషవుతాడు, దాని వెల శీను ప్రాణం. దారి మనిషికి బుద్ధి చెబుతుందన్న నమ్మకం ఆ కథకు వెన్నెముక. కాశీకి వెళ్ళొచ్చినవాడు ఎంతో కొంత మారతాడనుకునే జనం మనం, ఆ నమ్మకం మనకు సహజం. ‘డిటూర్’లో దేశం మొత్తం దాటిన మనిషి ఒక్క అంగుళం మారడు. ఎక్కించుకున్నవాళ్ళెవరూ ఎవరికీ ఏమీ నేర్పరు. పక్కపక్కన కూర్చున్నా ఎవరి భయం వాళ్ళదే, ఎవరి లెక్క వాళ్ళదే. ‘ఏం చెప్పదలుచుకున్నాడు’ అని విసుక్కుని లేచిపోయినవాడి మీద నాకు కోపం లేదు. లిఫ్ట్ ఇచ్చినంత మాత్రాన బంధం ఏర్పడదన్న సంగతి వినడానికి ఎవరూ టికెట్ కొనరు.

ముగింపు మీద తగాదా మాత్రం ఇప్పటికీ తెగలేదు. పేరుకు ఆల్ రాబర్ట్స్ ఎప్పుడో చచ్చిపోయాడు, ఎందుకంటే రోడ్డు పక్కన దొరికిన శవం అతనిదే అనుకున్నారు. వేరాను చంపింది హాస్కెల్ అని పోలీసులు వెతుకుతున్నారు, వాడూ చచ్చినవాడే. ఇలా వదిలేస్తే ఆ రోజుల్లో సెన్సారు నియమావళి ఒప్పుకోదు, తప్పు చేసినవాడు దొరకాల్సిందే. అందుకని చివర్లో పోలీసు కారొకటి వచ్చిందని, నియమం కోసం అతికించిన ముక్కని చాలామంది కొట్టిపారేస్తారు. ఆ ముక్కలో ఆల్ మాటలు జాగ్రత్తగా వినాలి. పట్టుకున్నారు అని చెప్పడు. ఏదో ఒక రోజు అడగకుండానే ఒక కారు నా కోసం ఆగుతుంది అన్నట్టు, జరగబోయేదాన్ని ఊహిస్తున్నవాడిలా చెబుతుంటాడు. మనకు కనిపించేది మాత్రం ఆ నిమిషంలోనే, ఆ చీకటి రోడ్డు మీదే జరుగుతుంది. హోటల్లోంచి బయటికొచ్చి రోడ్డు వెంట నడుస్తుంటాడు. చెయ్యెత్తడు. వెనక నుంచి దీపాలు వస్తాయి, కారు పక్కన ఆగుతుంది, పోలీసు దిగి తలుపు తీస్తాడు. ఆల్ కారణం అడగడు, పేరు చెప్పడు. రోజూ ఎక్కే కారులోకి ఎక్కినట్టు ఎక్కి కూర్చుంటాడు.